అట్ట మీద పిల్లి

ఆమె పుస్తకాలకు అట్టలు వేస్తుంది కాబట్టి ప్రచురణ సంస్థలో అందరికీ అట్టమ్మ అయిపోయింది. ఇంట్లో అత్తగారు కూడా ఉండడంతో ఫోన్ చేసినవాళ్ల నాలుక మడతపడేది. "అట్టమ్మగారున్నారా?" అని ఎవరైనా అడిగితే అత్తగారు "అత్తమ్మనే, చెప్పండి" అనేది. అవతలివాళ్లు చెప్పే అట్ట సంగతంతా సావధానంగా విని, ఎరుపు తగ్గించాలా నీలం పెంచాలా అన్నదాని మీద తన తీర్పు కూడా ఇచ్చి, అప్పుడు తీరిగ్గా ఫోన్ కోడలికి అందించేది. ఆవిడ లెక్కల టీచరుగా చేసి రిటైరైన మనిషి. తీర్పు ఇవ్వకుండా ఏ సంభాషణా ముగించడం ఆవిడకు చేతకాదు. కొడుకుది ఊళ్లు తిరిగే ఉద్యోగం. అందుచేత నెలలో సగం రోజులు ఆ ఫ్లాట్‌లో అత్తాకోడళ్లిద్దరే, ఒకరి దారికి ఒకరు అడ్డం రాకుండా, ఎవరి పని వాళ్లు చూసుకుంటూ ఉండేవారు.

ఆ సంస్థ వేసేవన్నీ డిటెక్టివ్ నవలలే. అయితే తుపాకులూ నెత్తుటి మడుగులూ ఉండే రకం కాదు. ప్రచురణకర్త వాటికి ముద్దుగా 'హాయి హత్యలు' అని పేరు పెట్టుకున్నాడు. హత్య ఒకటి జరుగుతుంది గానీ, మనం పక్క గదిలో ఉన్నప్పుడు, చప్పుడు కాకుండా, మర్యాదగా జరుగుతుంది. పోయినవాడు కూడా వీధిలో ఎవరికీ పొసగని మనిషే అయి ఉంటాడు కాబట్టి మనసు పెద్దగా కలుక్కుమనదు. ఆ తర్వాత ఓ పూలకొట్టు ఆవిడో, రిటైరైన లైబ్రేరియనో టీ చల్లారేలోగా హంతకుణ్ణి పట్టేస్తుంది.

ఇలాంటి పుస్తకానికి అట్ట వేయడం కత్తి మీద సాము. చూడగానే ఆ కొట్లోకి వెళ్లి కిటికీ పక్కన కూర్చోవాలనిపించాలి. కూర్చున్న కాసేపటికి మెడ వెనక చీమ పాకినట్టుండాలి. హాయి ఎక్కువైతే వంటల పుస్తకం అనుకుంటారు, చీమ ఎక్కువైతే భయపడి కింద పెట్టేస్తారు. అట్టమ్మ ముందుగదిలో కిటికీ కింద బల్ల వేసుకుని నీటిరంగులతో బొమ్మ వేసేది. ఆరాక స్కాన్ చేసి, కంప్యూటర్లో అక్షరాలు పేర్చేది. చివరికి దాన్ని ఫోన్‌లో బొటనవేలి గోరంత చేసి చూసుకునేది. ఈ రోజుల్లో కొనేవాళ్లు అట్టను మొదట చూసేది ఆ సైజులోనే మరి. గోరంతలోనూ కొట్టు కొట్టులా కనబడితే పని అయినట్టు.

ఆమెకు ఒక నియమం ఉండేది. ఏ నవలా చివరి అధ్యాయం చదివేది కాదు. హంతకుడెవరో చేతికి తెలిస్తే కుంచె ఊరుకోదని, ఎక్కడో ఓ మూల చాడీ చెప్పేస్తుందని ఆమె నమ్మకం.

ప్రచురణకర్త నమ్మకం వేరు. పిల్లి. అట్ట మీద పిల్లి ఉంటే పుస్తకం కదులుతుంది, లేకపోతే గోడౌన్‌లో పడుకుంటుంది అనేవాడు. ఆయన పుణ్యమా అని అట్టమ్మ ఇన్నేళ్లలో కిటికీ గట్ల మీద, మెట్ల మీద, పూలకుండీల మధ్య లెక్కలేనన్ని పిల్లుల్ని వేసింది. చిక్కల్లా ఈసారి రచయితతో వచ్చింది. ఆయన పళ్ల డాక్టరు. ఇదే మొదటి నవల. పేషెంటుకీ పేషెంటుకీ మధ్య దొరికిన సందులో ఏళ్ల తరబడి రాసుకున్నాడు. అట్ట మీద పిల్లి అనగానే, నా నవల్లో లేని జంతువు నా అట్ట మీదికి ఎందుకొచ్చిందని అడ్డం తిరిగాడట. ప్రచురణకర్త ఆయనకు సరే అన్నాడు. వెంటనే అట్టమ్మకు ఫోన్ చేసి, ఎక్కడో ఓ తోక మాత్రం కనబడేలా చూడమన్నాడు. సాయంత్రానికి మళ్లీ చేసి, వద్దులే, ఆయన కంట పడితే కష్టం అన్నాడు. పిల్లి విషయంలో ఆయనే గోడ మీద పిల్లి అయి కూర్చున్నాడు.

నవల పేరు 'బేకరీలో ఆఖరి టీ'. తెల్లవారుజామున ఓ జల్లు కురిసి వెలిసిన రోజున, బేకరీ యజమాని తన కుర్చీలోనే, టీ కప్పు ముందు పెట్టుకుని, కన్నుమూసి కనబడతాడు. రోజూ పొద్దున్నే అక్కడ టీ తాగే ముగ్గురి మీద అనుమానం పడుతుంది. ఒకాయన టైలరు, ఒకాయన బ్యాంకు గుమాస్తా, ఒకావిడ సంగీతం టీచరు. ముగ్గురూ ఎండ వచ్చాకే బేకరీకి వచ్చామంటారు. కూపీ లాగేది ఓ రిటైరైన లైబ్రేరియన్.

అట్టమ్మ చివరి అధ్యాయం పక్కన పెట్టి మిగతాదంతా చదివింది. చదివి, బేకరీ లోపలి బొమ్మ వేసింది. అద్దాల బీరువాలో కేకులు, కిటికీలోంచి పడుతున్న ఎండ, ఖాళీ కుర్చీ, ఇంకా పొగలు పోని కప్పు. గుమ్మం పక్కన గొడుగుల స్టాండు, అందులో మూడు గొడుగులు. రెండు మామూలువి. ఒకటి వంకాయరంగుది, కొమ్ము పిడిది, కింద గచ్చు మీద చిన్న నీటి మడుగుతో సహా. కిటికీ అవతల వీధిలో వెళ్లిపోతున్న ముగ్గురు మనుషులు. ఎండా నీడా అనుకున్నట్టు కుదిరాయని ఆమెకు చాలా తృప్తిగా అనిపించింది. ఒక కాపీ ప్రచురణకర్తకు పంపించింది, ఆయన దాన్ని డాక్టరుకు పంపించాడు.

ఆ మధ్యాహ్నం అత్తగారు టీ కప్పుతో వచ్చి బల్ల ముందు నిలబడింది. ఇది ఏడాదిగా ఆ ఇంట్లో నడుస్తున్న ఆట. పుస్తకం తెరవకుండా, అట్ట చూసి హంతకుణ్ణి చెప్పడం. అంతకుముందు ఆవిడ ప్రతి నవలా మొదటినుంచి చివరిదాకా చదివి, అచ్చుతప్పులకు పెన్సిలుతో గీతలు కూడా పెట్టేది. ఇప్పుడు మాత్రం, అన్ని పేజీలు తిప్పడం దండగ, కథ నువ్వు అన్నాల దగ్గర ఎలాగూ చెబుతావు, మిగతాదానికి అట్ట చాలు అంటోంది. ఆవిడ చెప్పింది కొన్నిసార్లు నిజమయ్యేది. కాకపోతే రచయితే తప్పు రాశాడనేది.

బొమ్మకు ముక్కు తగిలేంత దగ్గరగా వంగి, తల కాస్త పక్కకు తిప్పి చూసి, "సంగీతం టీచరు," అంది.

"అప్పుడేనా అత్తయ్యా? ఎలా చెప్పారు?"

"బయట ఎండ కాస్తోంది. లోపల ఒకే ఒక్క గొడుగు కారుతోంది. అంటే వాన పడుతున్నప్పుడే ఎవరో వచ్చారు. ఆ గొడుగు రంగే వీధిలో పోతున్న ఆవిడ శాలువాకీ ఉంది. ఇంక ఇందులో కనిపెట్టడానికేం మిగిలింది?"

అట్టమ్మ నవ్వబోయి ఆగిపోయింది. అత్తగారు కప్పు తీసుకుని వంటింట్లోకి వెళ్లేదాకా ఊరుకుని, పక్కన పెట్టిన చివరి అధ్యాయం తీసి, నిలబడే చదివింది. సంగీతం టీచరే. గొడుగే. వాన వెలవకముందే బేకరీకి వచ్చిందన్నదానికి ఆ తడే సాక్ష్యం.

చేతికి తెలియకుండా ఇన్ని జాగ్రత్తలు పడితే కుంచె ఎలా చెప్పేసింది? వెనక పేజీలు తిరగేస్తే సంగతి బయటపడింది. మిగతావాటికి 'రెండు గొడుగులు' అని ఊరుకున్న డాక్టరు, మూడోదానికి మాత్రం రంగు, పిడి, అంచు నుంచి జారే చుక్క, గచ్చు మీద మడుగు, అన్నీ రాశాడు. శాలువా రంగు కూడా ఆయన రాసిందే. బొమ్మలు వేసేవాళ్లకు మాట ఎంత పెడితే గీత అంత వస్తుంది. ఆయన పెట్టాడు, ఈమె వేసింది.

మడుగు తీసేసి, శాలువా రంగు మార్చి, బొమ్మ మళ్లీ వేస్తే సరిపోతుందనుకుంది. ఆ మాటే అత్తగారితో అంది. ఆవిడ వంటింట్లోంచే తీర్పు ఇచ్చింది. అట్ట మారుస్తావు సరే, లోపల సంగతేమిటి, నీకు ఆ గొడుగు అంతగా గుర్తుండిపోయిందంటే చదివేవాళ్లకూ ఉండిపోతుంది కదా అంది. ఇందులో ఇక వాదనేమీ లేదు. పుస్తకం ప్రెస్సుకు వెళ్లే రోజు దగ్గరపడింది. ప్రచురణకర్తకు చెబితే, ఆయన రచయితకు ఒక మాట, ఈమెకు ఒక మాట చెప్పి మళ్లీ గోడెక్కుతాడు. నేరుగా డాక్టరు దగ్గరికే వెళ్లడం మేలని తేల్చుకుంది. అత్తగారు కూడా చీర మార్చుకుని బయల్దేరింది. నువ్వు మెత్తగా చెబుతావు, మెత్తగా చెబితే రచయితలకు ఎక్కదు అని కారణం చెప్పింది.

పళ్ల ఆసుపత్రి మందుల షాపు పైన ఉంది. ఇరుకు మెట్లు. అత్తగారు గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ ఎక్కింది. రిసెప్షన్‌లో అమ్మాయి వచ్చిన పనేమిటో పూర్తిగా వినకుండానే చీటీ రాసి వరసలో కూర్చోబెట్టింది. పిలుపు వచ్చి లోపలికి వెళితే అక్కడ డాక్టరు కూర్చునేది కాక ఉన్నవి రెండే ఆసనాలు. గోడవార ఉన్న స్టూలు అత్తగారు ఆక్రమించింది. రెండోది పేషెంటు కుర్చీ. అట్టమ్మ దాని అంచున కూర్చుని, తానెవరో చెప్పింది.

డాక్టరు ముఖం విప్పారింది. యాభై దాటిన సన్నటి మనిషి, మెత్తటి చేతులు. అట్ట చూశానని, చూసిన దగ్గర్నుంచీ మనసు మనసులో లేదని అంటూనే ఆమె నోటివైపు పరీక్షగా చూశాడు.

"మీరు కుడివైపు నమలట్లేదు కదూ," అన్నాడు.

నిజమే. కొన్నాళ్లుగా కుడి దవడ పన్ను చల్లనిది తగిలితే జిల్లుమంటోంది. రేపు చూపిద్దాం, ఎల్లుండి చూపిద్దాం అని వాయిదా వేస్తూ వస్తోంది. అవునని ఒప్పుకోగానే కుర్చీ వెనక్కి వాలిపోయింది, దీపం ముఖం మీద పడింది, సూది చిగుళ్లలోకి దిగింది. చూస్తుండగానే పెదవి మొద్దుబారి, దవడలో దూది, నాలుక పక్కన పైపు వచ్చి చేరాయి. చెప్పాల్సిన మాట గొంతులోనే ఉండిపోయింది.

డాక్టరు మాత్రం మాట్లాడుతూనే ఉన్నాడు. నోరు తెరిచినవాళ్లతో మాట్లాడడం ఆయనకు అలవాటు. అట్ట మీద పిల్లి లేనందుకు సంతోషించాడు. కేకుల మీద క్రీము నోరూరించిందన్నాడు. తర్వాత గొడుగు దగ్గరికి వచ్చాడు. అది తన ప్రాణమని, నవలంతా దాని మీదే నిలబడి ఉందని, అయినా దాన్ని ఎవరూ కనిపెట్టలేని చోట దాచానని చెబుతుంటే, అట్టమ్మ "ఆఁ, ఆఁ" అంటూ చెయ్యి ఊపింది. నొప్పేమో అనుకుని ఆయన ఇంకాస్త మందు వేశాడు.

"నేను కనిపెట్టాను," అంది అత్తగారు స్టూలు మీంచి.

"ఏం కనిపెట్టారు?"

"సంగీతం టీచరు."

పన్ను తొలిచే మిషను ఆగిపోయింది. డాక్టరు మాస్కు గడ్డం కిందికి లాక్కున్నాడు. పుస్తకం చదివారా అని అడిగాడు. లేదు, అట్ట చూశానని ఆవిడ చెప్పింది. ఆయన అనుమానంగా కుర్చీలోని మనిషి వైపు తిరిగాడు. ఆమె దూదితో నిండిన నోటితో, నేను చెప్పలేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. అత్తగారు ఎండ, తడి, శాలువా, మూడూ వరసగా బోర్డు మీద లెక్క చేసినట్టు చేసి చూపించింది.

డాక్టరు ఓడిపోవడానికి ఇంకా సిద్ధంగా లేడు. గ్లవుసుల డబ్బా కింద ఉన్న సొరుగులోంచి నవల ప్రతి తీసి, ఓ పేజీ వెతికి ఆవిడ చేతిలో పెట్టాడు. "బొమ్మ సంగతి వదిలేయండి. రాతలో ఎంత దాచానో మీరే చూడండి. ఈ పేరా చదవండి."

అత్తగారు కాగితం అందుకుంది. కళ్లకు దగ్గరగా తెచ్చుకుంది, దూరంగా పెట్టింది. కిటికీవైపు తిప్పింది. తర్వాత మామూలు గొంతుతో, "కళ్లజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చాను. మీరే చదవండి," అని తిరిగి ఇచ్చేసింది.

కళ్లజోడు ఆవిడ మెడలోనే ఉంది. తాడుకు కట్టి, చీర కొంగు మీద వేలాడుతోంది. డాక్టరు గమనించలేదు. కుర్చీలో వాలి, నోరు మూయలేక, మాట్లాడలేక, చూడడం తప్ప ఇంకో పని లేని కోడలు గమనించింది. దీపం వెలుగులో ఆ అద్దాలు మెరవడం, అత్తగారి చెయ్యి ఓసారి వాటి దాకా వెళ్లి మళ్లీ ఒళ్లోకి వచ్చేయడం, రెండూ చూసింది. పన్ను మొద్దుబారింది గానీ మనసు మొద్దుబారలేదు. ఎక్కడో చివుక్కుమంది.

డాక్టరు పైకి చదవడం మొదలుపెట్టాడు. మొదటి వాక్యం గర్వంగానే వచ్చింది. గొడుగు రంగు దగ్గర గొంతు కాస్త తగ్గింది. పిడి, చుక్క, మడుగు. మడుగు దగ్గరికి వచ్చేసరికి ఆయనకే వినబడింది. కాగితం దించేసి తన గుండ్రటి స్టూలు మీద కూలబడ్డాడు.

"రెండింటికి ఒక్క ముక్క. దీనికి పేరా," అన్నాడు నెమ్మదిగా. "ఏం చెయ్యనండీ. నా ముందు నోరు తెరిచినవాళ్లు మాట్లాడలేరు. ఇంట్లో మాట్లాడగలిగినవాళ్లు చదవరు. ఇది ఇంకొకళ్లకి వినిపించడం ఇదే మొదటిసారి," అన్నాడు.

అత్తగారి గొంతులో పదును తగ్గింది. పిల్లాడు లెక్క తప్పు చేసి బెంచీ మీద తల వాల్చినప్పుడు వాడే గొంతు కాబోలు అది. గొడుగు తీసెయ్యక్కర్లేదని చెప్పింది. పరీక్ష లెక్కలో అక్కర్లేని అంకె ఒకటి ఇరికిస్తే తరగతి తరగతంతా దాన్నే పట్టుకుని వేలాడుతుందని, అలాగే ఇక్కడ తడికి ఇంకో కారణం చూపిస్తే చాలని అంది. డాక్టరు ఆలోచించి, పక్కన నీళ్ల బకెట్ పెడదామా అన్నాడు. బకెట్ పెడితే ఎవరు పెట్టారని అడుగుతారంది ఆవిడ. పైకప్పు కారుతోందందామా అన్నాడు. మరి మిగతా రెండు గొడుగులూ ఎందుకు తడవలేదంది.

"ఇల్లి," అంది అట్టమ్మ.

ఇద్దరూ ఆమెవైపు తిరిగారు. "ఇల్లా? ఇల్లేమైంది?" అంది అత్తగారు కంగారుగా.

"ఇల్లి. ఇల్లి," అంది ఆమె ఇంకా గట్టిగా. మొద్దుబారిన పెదవులు కలిస్తేగా మొదటి అక్షరం పలకడానికి.

ఇలాంటి భాష రోజూ వినే మనిషి డాక్టరే. ఆయనకు వెంటనే అర్థమైంది. అర్థమైనందుకు సంతోషం మాత్రం ఆయన ముఖంలో లేదు. "పిల్లి అంటున్నారండీ," అన్నాడు నీరసంగా.

అట్టమ్మ ఆయన జేబులోంచి పెన్ను లాక్కుని, తన మెడ కింద కట్టిన కాగితపు గుడ్డ మీదే బొమ్మ వేసి చూపించింది. స్టాండు పక్కన ఓ నీళ్ల గిన్నె. గిన్నెను పంజాతో తోసేసి, నాకేం తెలియదన్నట్టు అటు తిరిగి కూర్చున్న పిల్లి. ఒలికిన నీళ్లు పాక్కుంటూ వచ్చి వంకాయరంగు గొడుగు కింద చేరాయి. చూసినవాళ్లెవరైనా తడంతా దాని నిర్వాకమే అనుకుంటారు. అసలు తడి గొడుగు నుంచే కారిందని చివర్లో లైబ్రేరియన్ చెప్పేదాకా ఎవరూ అడగరు.

డాక్టరు ఆ గుడ్డను చాలాసేపు చూశాడు. పిల్లులంటే తనకు పడదని, చెప్పిన మాట వినవని గొణిగాడు. వినకపోవడమే మనకు కావాలంది అత్తగారు. ఆఖరికి ఆయన గుడ్డను జాగ్రత్తగా విప్పి మడిచి, నవల పేజీల మధ్య పెట్టుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చి మిగతా పన్ను పూర్తి చేశాడు.

బస్టాపుకు వచ్చేసరికి అట్టమ్మ పెదవి కాస్త స్వాధీనంలోకి వచ్చింది. దూరం నుంచి ఓ బస్సు వస్తోంది. "మనదేనా?" అని అడిగింది అత్తగారు. ఆవిడ ఈమధ్య ఎప్పుడూ ఇదే ప్రశ్న వేస్తోందని కోడలికి అప్పుడు తట్టింది.

"అత్తయ్యా, కళ్లజోడు మీ మెడలోనే ఉంది."

ఆవిడ చెయ్యి కళ్లజోడు దగ్గరికి వెళ్లింది. బస్సు వచ్చింది, ఆగింది, వెళ్లిపోయింది. ఇద్దరూ ఎక్కలేదు.

"ఉంది. ఉండీ ఏం లాభం," అంది చివరికి. ఏడాది పైనుంచి అక్షరాలు అలుక్కుపోతున్నాయట. ముందు దీపం చాలడం లేదనుకుంది, తర్వాత అద్దాలు పాతబడ్డాయనుకుంది. అద్దాలు మార్చినా తేడా లేకపోయేసరికి నోరు మూసుకుంది. పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చోవడం బాగోక, అట్ట చూసి హంతకుణ్ణి చెప్పే ఆట కనిపెట్టింది.

"మాకు చెప్పొచ్చు కదా."

"చెప్తే ముందు స్టవ్ దగ్గరికి రానివ్వరు. తర్వాత ఒక్కదాన్నే మెట్లు దిగనివ్వరు. ఆ తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి అన్నీ చేతికందిస్తారు. నాకు తెలీదా? మా అమ్మకి నేను చేసిందదే."

చెంచా ఏ వైపు పెడితే కప్పు అందంగా ఉంటుందో గంటల తరబడి చూసే కళ్లు కోడలివి. ఒకే ఇంట్లో, ఎదురుగా ఉన్న మనిషిని చూడలేదు. "మరి ఇన్నాళ్లూ హంతకుల్ని ఎలా చెప్పారు?" అని అడిగింది.

"రంగులు తెలుస్తాయిగా. రాసినవాడు ఎవర్ని ఎక్కువ వర్ణిస్తే వాళ్లకి నువ్వు ముదురు రంగు వేస్తావు. నీ కుంచెకి నోట్లో నువ్వుగింజ నానదు."

కోడలికి నవ్వొచ్చింది. సగం పెదవే కదిలి, నవ్వు వంకరగా వచ్చింది. అది చూసి అత్తగారు కూడా నవ్వేసింది. స్టవ్ దగ్గరికి రానివ్వకపోవడం తన తరం కాదని, కళ్లు మాత్రం చూపిద్దామని కోడలు అంది. తర్వాతి బస్సు రాగానే అత్తగారు కోడలి మోచెయ్యి పట్టుకుంది.

ఆ వారమే కళ్ల డాక్టరును కలిశారు. శుక్లాలు, రెండు కళ్లకూ. ఆపరేషన్ చాలా తేలికని, ఆ రోజే ఇంటికి పోవచ్చని ఆయన చెబుతుంటే అత్తగారికి ఊరట కంటే ఉక్రోషమే ఎక్కువ వచ్చింది. చూపు పూర్తిగా పోతుందేమోనని లోలోపల ఎంత కుమిలిందో ఆవిడకే తెలుసు. ఇంత చిన్నదానికా ఇన్నాళ్లు దొంగలా తిరిగాను అని దారి పొడుగునా తనను తానే తిట్టుకుంది.

ఆపరేషన్‌కు రోజు కుదిరేలోగా పళ్ల డాక్టరు తిరగరాసిన అధ్యాయాలు వచ్చాయి. ప్రచురణకర్త ప్రెస్సువాళ్లను బతిమాలి కాస్త గడువు తెచ్చాడు. నీటిరంగు మీద దిద్దుబాటు కుదరదు కాబట్టి అట్టమ్మ మొత్తం బొమ్మ కొత్తగా వేయాల్సి వచ్చింది. ఒక పూత ఆరేలోగా ఓ అధ్యాయం పైకి చదివేది. అత్తగారు కళ్లు మూసుకుని వినేది. మధ్యలో ఆపి, ఈ గుమాస్తా ఇందాక టీ తాగనన్నాడుగా, ఇప్పుడు కప్పెలా వచ్చింది అని పట్టుకునేది. ఆ సంగతి ఫోన్‌లో వింటే డాక్టరు అవతల కాగితం కోసం తడుముకునేవాడు. చివరి అధ్యాయం దగ్గరికి వచ్చినప్పుడు అట్టమ్మ ఒక్క క్షణం తటపటాయించింది. ఏళ్ల నియమం. మొన్న నిలబడి చదివింది గొడుగు సంగతి తేల్చుకోవడానికే. వినే మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే ఎక్కడ ఆపుతుంది? చదివేసింది. చదివి చూస్తే, పెళ్లి భోజనాల్లో కూరలన్నీ తిని పెరుగు దగ్గర లేచిపోయినట్టు ఇన్నాళ్లూ లేచిపోయానా అనిపించింది.

అట్టలో వంకాయరంగును ఈసారి వీధిలో అందరికీ తలాకాస్త పంచింది. బేకరీ ముందు పందిరికి కొంత, గుమాస్తా సంచికి కొంత, టైలరు చొక్కాకు కొంత. గొడుగు గుంపులో గోవిందయ్య అయిపోయింది. పిల్లికి మాత్రం కాషాయపు చారలు, బలిసిన బుగ్గలు, ఎవర్నీ లెక్కచేయని చూపు. అచ్చయిన నమూనా పట్టుకెళ్లి పళ్ల ఆసుపత్రి రిసెప్షన్ అమ్మాయికి చూపించి, హంతకుడెవరనుకుంటున్నావని అడిగారు. ఆ అమ్మాయి అటూ ఇటూ తిప్పి చూసి, పిల్లి బాగుందండీ అంది. డాక్టరు లోపలి గదిలోంచి విని, చాన్నాళ్లకి గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. ప్రచురణకర్త సంతోషానికైతే హద్దే లేదు. తన మాటే నెగ్గిందని, చివరికి రచయితకు జ్ఞానోదయమైందని ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాడు. ఆ అపోహను ఎవరూ చెరపలేదు.

పుస్తకం బాగానే పోయింది. రెండో నవల రాయమని ప్రచురణకర్త వెంటపడితే, డాక్టరు ఒక్క షరతు పెట్టాడు. ముందు ఆ అత్తాకోడళ్లకు చదివి వినిపించాలి, ఆ తర్వాతే సంస్థకు ఇస్తాను అని.

అత్తగారికి ఒక కంటి తర్వాత ఇంకో కంటికి ఆపరేషన్ అయిపోయింది. ఊళ్లు తిరిగే కొడుకు సెలవు పెట్టి వచ్చి దగ్గరుండి చేయించాడు. పట్టీ తీసిన మర్నాడు ఆవిడ ఇల్లంతా ఓ చుట్టు తిరిగింది. బీరువా మీద దుమ్ము, ఫ్యాను రెక్కల మీద నలుపు, సింకు మూల జిడ్డు, ఒక్కొక్కటే వేలితో తీసి చూపించి, ఇన్నాళ్లూ ఇందులోనా బతికాం అంది. కొడుకు నోరెత్తకుండా నిచ్చెన తెచ్చాడు. ఆ తర్వాత ఆవిడ కోడలి ముందు నిలబడి, ముఖం తన రెండు చేతుల్లోకి తీసుకుని వెలుగులోకి తిప్పింది.

"ఈ తెల్లవెంట్రుకలెప్పుడొచ్చాయే నీకు?"

"వచ్చి చాలా రోజులైంది అత్తయ్యా."

"నాకు చెప్పనే లేదు," అంది ఆవిడ, అదేదో పెద్ద నేరమైనట్టు.

ఆ నెలాఖరుకు పళ్ల డాక్టరు కొత్త నవల మొదటి అధ్యాయం తెచ్చి ఇచ్చి వెళ్లాడు. కోడలు దాన్ని అత్తగారి ఒళ్లో పెట్టింది. ఆవిడ కొత్త కళ్లతో మొదటి వరస చదివింది, రెండో వరసలో ఓ అచ్చుతప్పు పట్టింది. తర్వాత కాగితాలు సర్ది కోడలికే తిరిగి ఇచ్చి, కుర్చీలో వెనక్కి వాలింది.

"నువ్వే చదువు. కళ్లకి విశ్రాంతి ఇవ్వమన్నాడు డాక్టరు."

కళ్ల డాక్టరు అలాంటిదేమీ అనలేదు. ఆ మాట అందామనుకుని, అట్టమ్మ మానేసింది. రంగులు అంటిన చేతులు తుడుచుకుని, ఇంకో కుర్చీ లాక్కుని, చదవడం మొదలుపెట్టింది.